ఈ ఇద్దరూ ఒకరేనా?

హంతకుడు ముందు ఫోటో తీశాడు. ఆ తరువాతే కాల్చాడు.

స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర కూర్చుని బూట్లు పాలిష్ చేస్తున్న ముసలివాడు నిజానికి ముసలివాడు కాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ మావయ్య అని పిలుచుకునే సీనియర్ ఏజెంట్. ఆ గడ్డం, ఆ గూని, ఆ వణికే వేళ్ళు చూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అలాంటి మనిషి ముందు టై కట్టుకున్న కుర్రాడొకడు ఆగాడు. ఫోన్ ఎత్తి మొహం మీద గురిపెట్టాడు. స్క్రీన్ మీద వచ్చిందేదో చదువుకుని, సరే అన్నట్టు తల ఆడించాడు. రెండో చేత్తో సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీశాడు.

ఎదుటి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆయనకు కాపలా కాస్తున్న తోటి ఏజెంట్ చిటపట ఇదంతా కళ్ళారా చూశాడు. "మావయ్యా!" అని అరిచేలోపు ఇద్దరి మధ్యకూ గూడ్స్ బండి వచ్చింది. లోకంలో తొందర అనేదే లేనట్టు పెట్టె తరువాత పెట్టె తీరిగ్గా సాగిపోయింది. అది పోయేసరికి కుర్రాడు లేడు. బోర్లా పడిన పాలిష్ డబ్బా పక్కన మావయ్య ఉన్నాడు, ప్రాణం లేదు.

చిటపట అతని అసలు పేరు కాదు. ఆ డిపార్ట్‌మెంట్‌లో అసలు పేర్లు వాడరు. నోరు విప్పితే కాగే నూనెలో నీళ్ళు పడ్డట్టు ఉంటుందని మావయ్యే ఆ పేరు పెట్టాడు. అతను నవ్వగా చూసినవాళ్ళు లేరు. రెండు కనుబొమల మధ్య నిలువు గీత ఒకటి ఉంది, నిద్రలో కూడా పోదు. ఆ పొద్దున అది ఇంకో అంగుళం లోతుకు దిగింది.

"ఫోటో తీశాడు, ఫోన్‌ని అడిగాడు, అప్పుడు కాల్చాడు సార్," అన్నాడు చీఫ్ గదిలోకి తలుపు కొట్టకుండా దూరి. "వాడికి మావయ్య ఎవరో తెలీదు. ఫోన్‌కి తెలుసు."

చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. బల్ల మీద టీ కప్పు, సాసర్, బిస్కెట్ పొడి. "ఆవేశపడకయ్యా. ఎంత మాస్టరైనా మనిషే కదా. ఎక్కడో స్లిప్ అయ్యుంటాడు."

"ఆయన అవడు సార్. మనమే అయ్యాం. ఆ వేషం ఫోటోలు ఎక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి, మన ఫోటో సెక్షన్‌లోనే. అందులోనూ ఇప్పుడు..." పెద్దాయన మొహం వెలిగింది. శవం ఇంకా మార్చురీకి చేరలేదు, ఈయన మొహం వెలిగింది! గోడ మీది స్క్రీన్ ఆన్ చేశాడు. "మెరుగు వెర్షన్ తొమ్మిది. ఫోటో ఎడిటింగ్‌లో దీన్ని మించింది లేదు. పూర్వం ఒక ఫోటోలో బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికి మనవాళ్ళు పూటంతా తంటాలు పడేవాళ్ళా? ఇప్పుడు ఒక్క క్లిక్. ఒకదానికి లైటింగ్ సరిచేస్తే మిగతా వాటన్నిటికీ అదే చేసుకుంటుంది. చెడిపోయిందా, ఎంత వెనక్కి కావాలంటే అంత వెనక్కి పోవచ్చు. వర్క్‌ఫ్లో అంటే ఇదయ్యా!"

"మొహాల సంగతి చెప్పండి."

"అదే అసలు ఫీచర్. ఎవరి ఫోటోలు వాళ్ళవిగా అదే కుప్పలు పోసి పెడుతుంది."

స్క్రీన్ మీద చిటపట కుప్ప వచ్చింది. పోస్ట్‌మన్ చిటపట, పళ్ళ వ్యాపారి చిటపట, పంటి డాక్టర్ చిటపట, గుడ్డి భిక్షగాడు చిటపట. విగ్గులు వేరు, మీసాలు వేరు. నిలువు గీత మాత్రం అన్నిట్లోనూ ఒకటే. ప్రతి రెండు ఫోటోల కింద ఒక ప్రశ్న ఉంది. 'ఈ ఇద్దరూ ఒకరేనా?' ప్రతి ప్రశ్న కిందా ఆకుపచ్చ రంగులో 'అవును.'

"ఈ అవును ఎవరు నొక్కారు సార్?"

పెద్దాయన ఒళ్ళో పడ్డ బిస్కెట్ పొడి దులుపుకున్నాడు. "నేనే. సాయంత్రాలు టీ తాగుతూ. భలే సరదాగా ఉంటుందిలే, అది అడుగుతూ ఉంటుంది, మనం చెబుతూ ఉంటాం. నీ పంటి డాక్టర్ దగ్గర అది కూడా తికమకపడింది తెలుసా? నేనే సాయం చేశాను."

చిటపటకు అరికాలి మంట నెత్తికెక్కింది. దేశం మొత్తం మీద ఏ ఏజెంట్ ఏ వేషంలో ఉంటాడో తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ కాలు మీద కాలు వేసుకుని, బిస్కెట్ ముంచుకుంటూ, ఒక్కొక్కరినీ పేరుపేరునా అప్పగించాడు. మావయ్య బూట్ పాలిష్ వేషం కిందా అదే ఆకుపచ్చ అవును.

"ఈ జవాబులన్నీ ఎక్కడికి పోతున్నాయి సార్?"

"క్లౌడ్‌కి."

"ఎవరి క్లౌడ్‌కి?"

పెద్దాయన టీ కప్పు పక్కకు జరిపాడు.

"మా అక్క ఫోటోలు కూడా ఉన్నాయా?"

చిటపట సొంత అక్క అదే డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్. దేశ రహస్యాలు కొని విదేశాలకు అమ్మే ముఠా నాయకుడి దగ్గర దుబాసీగా చేరి రెండేళ్ళు. విగ్గు, రంగు కళ్ళద్దాలు, చెంప మీద పుట్టుమచ్చ. తేలు కుట్టిన దొంగలా కూర్చున్న పెద్దాయన్ను చూస్తే, అక్కకీ అవును నొక్కేశాడని అడక్కుండానే తెలిసిపోయింది.

"ఈ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్ మనకు అమ్మిందెవరు?"

"డెమో మేడమ్. ఇప్పుడు కింద రిసెప్షన్‌లోనే ఉంది. వెర్షన్ పదికి ఇన్విటేషన్ తెచ్చింది..."

చిటపట మెట్లు మూడేసి దూకుతూ దిగాడు.

డెమో మేడమ్ నవ్విందంటే ఆఫీసులో పాత ప్రింటర్ కూడా పనిచేసేది. ఎర్ర గోళ్ళు, సిల్క్ స్కార్ఫ్, పది అడుగుల దూరం నుంచే సెంటు. చిటపట ఆమె రెక్క పట్టుకుని స్టోర్ రూమ్‌లోకి ఈడ్చి, పిస్టల్ కణతకు ఆనించాడు.

ఆమె బెదరలేదు. "క్రాప్ చేస్తే సరిపోతుందా?" అంది.

చిటపట చెయ్యి ఆగింది. అది మావయ్య కోడ్. ఆయన తన మనుషులకు తప్ప ఎవరికీ చెప్పడు.

"చాలదు. నీడ కూడా తీసేయాలి," అన్నాడు పళ్ళ బిగువున.

"నేను మీ మావయ్య మనిషిని. పొద్దున ప్లాట్‌ఫారం మీద ఆయన కలవాల్సింది నన్నే. మెరుగు కంపెనీ ఆ ముఠాదే. మీకు అమ్మింది నేనే, అది విషమని పొద్దున ఆయనకు చెప్పాలనుకున్నదీ నేనే."

"అమ్మాకా చెప్పేది?"

"అమ్మకపోతే నా పీక కోసేవాళ్ళు. తిట్టండి, మీకు హక్కుంది. కానీ ముందు ఇది వినండి. ఈ సాయంత్రం హోటల్లో వెర్షన్ పది లాంచ్. అత్తరు వస్తున్నాడు." ముఠా నాయకుడికి ఆ పేరు ఆమె పెట్టింది కాదు, అతని వాసన పెట్టింది. "హాలు గుమ్మం దగ్గర కెమెరా ఉంటుంది. వచ్చిన ప్రతి మొహాన్నీ మీ డిపార్ట్‌మెంట్ ఫోటోలతో పోలుస్తుంది. ఇంతవరకూ సొంత మనుషుల మీద వాడలేదు. ఇవాళ మొదటిసారి. మీ అక్క అతని పక్కనే వస్తుంది."

"ఆమెకు చెప్పొచ్చు కదా!"

"ఫోన్ లాక్కున్నారు. అతని కార్లోనే తీసుకొస్తారు. నేను స్టేజీ దిగడానికి లేదు. పోలీసులు ముందే పడితే అతను మొదట కాల్చేది పక్కనున్న మనిషినే. కంట్రోల్ రూమ్‌లోకి ఎవరో ఒకరు దూరి, ఆ ప్రశ్నకి 'కాదు' నొక్కాలి."

"నేను దూరతాను."

"గుమ్మం కెమెరాకి మీ వేషాలన్నీ తెలుసు. కొత్తది వేసినా ఆ నుదుటి గీత పట్టిస్తుంది." ట్యాబ్ తీసి అతని కుప్పను గబగబా తిప్పింది. పైనుంచి కిందికి చూసి, వింతగా అతని వైపు తిరిగింది. "మీరు నవ్విన ఫోటో ఒక్కటీ లేదేంటి? చిన్నప్పటిది కూడా?"

"నవ్వడానికి ఏముంది?"

"దీనికి తెలిసిన మీరు చిరాకు మొహం మీరే. నవ్వే మీరు ఎవరో దీనికి తెలీదు. ఏదీ, నవ్వండి."

చిటపట పళ్ళు బయటపెట్టాడు.

"అది కాదు. కరవడానికి వస్తున్నట్టుంది. ఇంకోసారి."

ఇంకోసారీ అంతే. మావయ్య పోయిన రోజున, అక్క చావుకు దగ్గరవుతున్న రోజున, లిప్‌స్టిక్ పెట్టుకున్న శత్రువు ముందు నిలబడి నవ్వు ప్రాక్టీస్ చేయాల్సి వచ్చినందుకు అతనికి ఒళ్ళంతా కుతకుతలాడింది.

"పోనీండి," అంది డెమో మేడమ్ చివరికి నీరసంగా. "దేవుడి మీద భారం వేద్దాం. ఇది ఉంచండి." ఆమె ఇచ్చింది కెమెరా ఫ్లాష్. మామూలుది కాదు, ఎదుటివాడికి కాసేపు చూపు పోతుంది.

సాయంత్రం హోటల్ బయట పోలీసులు కేటరింగ్ వ్యాన్లలో నక్కి ఉన్నారు. చిటపట మెడలో కెమెరా వేలాడదీసుకుని ఫోటోగ్రాఫర్‌గా క్యూలో నిలబడ్డాడు. గుమ్మం మీద నల్లటి గాజు కన్ను. "దయచేసి కెమెరా వైపు చూడండి," అంది తేనెలో ముంచిన గొంతు.

నవ్వు రాలేదు. గార్డు చెయ్యి కోటు లోపలికి పోతోంది.

అప్పుడు మావయ్య గుర్తొచ్చాడు. ఓసారి ఎంబసీ విందులో మావయ్య పెట్టుడు మీసం ఊడి పక్కనున్న రాయబారి సూప్‌లో పడింది. బల్లంతా అటే చూసింది. మావయ్య స్పూన్‌తో మీసాన్ని పైకి తీసి, న్యాప్‌కిన్‌తో తుడిచి, "నాదేనండి, ఇంటి నుంచి తెచ్చుకున్నాను," అని మళ్ళీ అంటించుకున్నాడు. అది తలచుకోగానే చిటపట కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు, నోటినిండా నవ్వు. నిలువు గీత చెదిరిపోయింది.

పచ్చ లైటు వెలిగింది. "స్వాగతం. మీ నవ్వు బాగుంది," అంది గొంతు.

కారిడార్ మలుపు తిరిగేసరికి గీత మళ్ళీ వచ్చేసింది.

కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు, చిప్స్ తింటున్నాడు. ఫ్లాష్ మెరిసింది. వాడు కళ్ళు పట్టుకుని కుర్చీతో సహా పడ్డాడు. చిటపట వాడిని కేబుల్‌తో కట్టేసి తెర వైపు తిరిగాడు. గుమ్మంలో అత్తరు, పక్కన అక్క, వెనక టై కుర్రాడు. పొద్దున ప్లాట్‌ఫారం మీద చూసిన ఆ కుర్రాడే.

అక్క మొహం చుట్టూ ఎర్ర గడి పడింది. దాని పక్కన డిపార్ట్‌మెంట్ ఫోటో. 'ఈ ఇద్దరూ ఒకరేనా?' కింద చిన్న అక్షరాలు: 'కొత్త ఫీచర్! మీ సమయం ఆదా చేయడానికి, జవాబు రాకపోతే అవును అనుకుంటాం.' పక్కన గుండ్రటి గీత ఒకటి కరిగిపోతోంది.

కాదు నొక్కాడు.

'మీకు ఖచ్చితంగా తెలుసా?'

"తెలుసే నీ మొహం మండ!" మళ్ళీ నొక్కాడు.

'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. ఎందుకు కాదో నాలుగు మాటల్లో చెబుతారా?'

గుండ్రం గోరంత మిగిలింది. చిటపట చెమటలు కక్కుతూ తెర నాలుగు మూలలూ వెతికాడు. అడుగున, బూడిదరంగు మీద బూడిదరంగులో, 'వద్దు' అని చీమ తలంత మాట. దాన్ని బొటనవేలితో పొడిచాడు.

ఎర్ర గడి పచ్చబడింది. అక్క గడప దాటింది.

అక్కడితో ఆగి ఉంటే అతను చిటపట కాడు. ప్లాట్‌ఫారం మీద బోర్లా పడిన డబ్బా ఇంకా కళ్ళ ముందు నుంచి పోలేదు. అత్తరు ఫోటోను వేలితో లాగి తన సొంత కుప్పలో పడేశాడు. పంటి డాక్టర్ చిటపట పక్కన అత్తరు మొహం. 'ఈ ఇద్దరూ ఒకరేనా?' అంది మెరుగు, అనుమానంగానే.

పెద్దాయన ఆడిన ఆటే. అవును.

'ఈ మార్పు అన్ని ఫోన్లకూ పంపాలా?'

అవును!

చిటపట హాలు వైపు పరిగెత్తాడు. అప్పటికే అక్కడ గార్డుల ఫోన్లన్నీ ఒక్కసారి గుయ్‌మన్నాయి. స్టేజీ ఎక్కబోతున్న అత్తరు వైపు టై కుర్రాడు తిరిగాడు. ఫోన్ ఎత్తి మొహం మీద గురిపెట్టాడు. చదువుకున్నాడు. తల ఆడించాడు. పిస్టల్ తీశాడు.

"ఒరేయ్, నేనురా! నా మొహం చూడరా!" అని అరిచాడు అత్తరు.

"మొహం చూడొద్దు, ఫోన్ చూడు అన్నది మీరే కదా సార్," అన్నాడు కుర్రాడు వినయంగా.

వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుండగా ట్రైపాడ్ ఒకటి గాల్లో గిరగిరా తిరుగుతూ వచ్చి వాడి మణికట్టు విరిచింది. దాని వెనకే చిటపట వచ్చాడు. వాడిని నేలకేసి బాదుతూ, "ఇది బూట్ పాలిష్‌కి! ఇది కూడా!" అంటుంటే పోలీసులు వచ్చి లాగేదాకా ఎవరూ ఆపలేకపోయారు. ఆ గోలలో తమ నాయకుడిని తామే చుట్టుముట్టి నిలబడ్డ గార్డులు చేతులెత్తేశారు. స్టేజీ మీద డెమో మేడమ్ మైకులో, "సాంకేతిక కారణాల వల్ల కార్యక్రమం రద్దయింది," అని తియ్యగా చెప్పింది.

పెద్దాయన వ్యాన్ దగ్గరకు వచ్చి చెయ్యి చాపాడు. "శభాషయ్యా! అందరినీ కాపాడావు."

చిటపట ఆ చెయ్యి అందుకోలేదు. "అందరినీ కాదు సార్. మావయ్య ఇంటికి కబురు మీరే చెప్పండి. ఆ అవును ఎవరు నొక్కారో కూడా అత్తయ్యకు చెప్పండి. టీ ఇస్తే తాగకండి."

పెద్దాయన చెయ్యి కిందికి దించాడు. ఆయన తల దించుకుని కారెక్కాడు.

వ్యాన్‌లో అక్క విగ్గు తీసి పక్కన పడేసింది. ఆపరేటర్ దగ్గర లాక్కున్న ట్యాబ్ ఆమె ఒళ్ళో ఉంది. పాడు మెరుగు ఇంకా ఆపలేదు, పని చేసుకుంటూనే ఉంది. గుమ్మం దగ్గర కళ్ళనీళ్ళతో నవ్వుతున్న ఫోటోగ్రాఫర్‌ని ఒక పక్క, ఐడీ కార్డులో నుదురు ముడిచిన చిటపటను ఒక పక్క పెట్టింది. 'ఈ ఇద్దరూ ఒకరేనా?'

"ఒరేయ్, ఇది నువ్వేనా?" అంది అక్క.

"ఆపెయ్ దాన్ని! కిటికీలోంచి విసిరెయ్! ఇంకోసారి ఆ ప్రశ్న వినపడిందంటే ఈ వ్యాన్ తగలబెడతాను!"

అక్క తమ్ముడి మొహం వైపు ఓసారి, ఫోటో వైపు ఓసారి చూసి, నిదానంగా 'కాదు' నొక్కింది.