ఆపకూడని సర్వర్

“ఆ పని సేసినోడెవడో తేలేదాకా నాను ఈ కుర్చీలోంచి లెగను సార్” అంది అనిత, కూర్చోమని ఎవరూ అనకముందే కూర్చుని.

విజయనగరం గంటస్తంభం దగ్గర మేడమీది ఆ ఆఫీసుకి ఏడుస్తూ వచ్చేవాళ్లను, వణుకుతూ వచ్చేవాళ్లను ధనలక్ష్మి చాలామందిని చూసింది. పోట్లాటకొచ్చినట్టు వచ్చిన క్లయింటు మాత్రం ఈమే మొదలు. అసిస్టెంటుగా చేరినప్పటినుంచీ డిటెక్టివ్ జగన్నాధాన్ని ఎవరైనా ఒకసారి గద్దిస్తే చూడాలని ఆమెకు లోలోపల సరదా. ఆయన నొచ్చుకోలేదు సరికదా, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“మొదటినుంచీ చెప్పమ్మా.”

అనితది శ్రీకాకుళం జిల్లా తీరంలోని గుల్లపేట. రాజాంలో ఇంజనీరింగు చదువుతోంది. ఊళ్లోని మత్స్యకార మహిళా సంఘానికి ఒక పాత కంప్యూటరు తెచ్చి, ఉచితంగా దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, దాన్ని సర్వర్‌గా మార్చింది తనే. ఈదురుగాలి హెచ్చరిక రాగానే వేటకెళ్లిన బోట్లన్నిటికీ ఫోన్ మెసేజీ పంపడం దాని పని. పోయిన వారం ఆమె పరీక్షలకు వెళ్లినప్పుడు గాలి లేచింది. మెసేజీలు గాలి కొట్టిపోయాక వచ్చాయి. గంగులు బోటు తిరగబడి ముక్కలైంది. మనుషులు బతికారు గాని గంగులు చెయ్యి విరిగింది.

“కొత్తవలసనుంచి దేవేంద్ర అని సాఫ్ట్‌వేర్ అమ్ముకునే ఆయనొస్తాడు. మిషను సూసి, లోపల మాల్‌వేర్ అనే దొంగ ప్రోగ్రాం ఉంది, ఈ పిల్ల అప్‌డేట్లు సెయ్యలేదు, ఊరికే వచ్చేదానికి దిక్కూ దివాణం ఉండదు అనేసేడు. రేపు సంఘం మీటింగు. నన్ను పొమ్మని ఆయన సరుకు పెడతారట. నా మిషన్ని నన్నే ముట్టుకోనివ్వట్లేదు. సెయ్యని తప్పుకి నాను మాట పడాలా?”

“అప్‌డేట్లు చేశావా?”

“పరీక్షలకెల్లే ముందే ఎక్కించేను. కానీ కెర్నల్ అని ఉంటాది సార్, సిస్టంకి గుండెకాయ లాంటిది. మిషను ఒకసారి ఆపి మళ్లీ ఎలిగిస్తేగానీ కొత్తది పనిలోకి రాదు. మా ఊళ్లో ఒక్క బోటు సముద్రం మీదున్నా దాన్ని ఆపనివ్వరు. ఆపితే ఆ బోటు తిరిగి రాదని మా ఆడోళ్ల భయం. తిట్టేను, బతిమాలేను. ఇనరు.”

జగన్నాధం లేచాడు. “ధనలక్ష్మీ, కారు తాళాలు.”

గుల్లపేట సంఘం గదిలో సర్వర్‌కి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. అధ్యక్షురాలు మరిడమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్లముందే అనిత చేత మిషను తనిఖీ చేయిస్తానన్నాడు జగన్నాధం. మరిడమ్మ మూతి ముడుచుకుంది గాని కాదనలేదు.

నాలుగు కమాండ్లు కొట్టి అనిత చేతులు వెనక్కి తీసుకుంది.

“ఇది కొత్త కెర్నల్ మీదే నడుస్తంది సార్! నాను ఆపలేదు కదా. ఎవరో ఆపి మళ్లీ ఎలిగించేరు. సోమవారం మజ్జాన్నం అని ఇక్కడే ఉంది. నాను పరీక్ష హాల్లో ఉన్నాను.”

“ఆపడం ఎందుకు?”

“పాస్‌వర్డ్ తెలీనోడు మిషను మళ్లీ ఎలిగేటప్పుడు దాన్ని మార్సేయొచ్చు. దూరంనుంచి అవ్వదు, కీబోర్డు ముందు కూకోవాల. లోపలికొచ్చి ఈ దొంగ ప్రోగ్రాం పెట్టేడు. ఇది బిట్‌కాయిన్ లాంటి ఇంటర్నెట్ డబ్బు సంపాదించడానికి రేయింబగళ్లు లెక్కలు కడతాది. మిషను బలమంతా ఇదే తినేస్తంటే మెసేజీలు ఇంకెలా ఎల్తాయి!”

జగన్నాధం మరిడమ్మ వైపు తిరిగాడు. “తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయమ్మా?”

“నాకొకటి, ఈ పిల్లకొకటి, మా గుమస్తా శివాజీకొకటి. గంగులు తమ్ముడేలే ఆడు.”

“దేవేంద్ర ఎప్పుడైనా ఒంటరిగా ఈ గదిలో ఉన్నాడా?”

“సోమవారానికి ముందు రెండుపాలి వచ్చేడు. మిషను సూస్తానంటే ఒగ్గీసి టీ తేడానికెల్లేను. బోట్లన్నీ వేటకెల్లిన రోజులే.”

“సోమవారం మధ్యాహ్నం?”

“ఏటి సెప్పమంటావు బాబూ! అన్ని బోట్లూ పొద్దున్నే వచ్చేసేయి, గంగులుది రాలేదు. సాయంత్రం దాకా ఊరంతా ఒడ్డునే కూకుని ఏడ్సేం. ఈ గదికి తాళమేసే ఉంది.”

తర్వాత గంగులు ఇంటికి వెళ్లారు. అతను కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నాడు.

“సోమవారం ఇంజను ఆగిపోయింది బాబూ. పక్కూరోళ్లు లాగి ఆళ్ల ఒడ్డున దింపేరు. మజ్జాన్నమే శివాజీకి ఫోన్ సేసి ఇంట్లో సెప్పమన్నాను. బాగుసేసుకుని వచ్చేసరికి పొద్దుగుంకింది. అప్పుడు బతికి బయటపడ్డాను, గురువారం ఇలాగయ్యింది.”

ధనలక్ష్మి తలాడించింది. ఆమె అనుమానమంతా దేవేంద్ర మీదే. సర్వర్ చెడిపోతే లాభపడేది అతనొక్కడే కదా! ఆ మాటే కారులో అంటే జగన్నాధం నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు మీటింగుకి గది నిండిపోయింది. దేవేంద్ర ఇస్త్రీ చొక్కాతో ముందు కుర్చీలో ఉన్నాడు. శివాజీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, గంగులు కట్టుచేతితో పక్కనే కూర్చున్నాడు. ఆ రోజూ బోట్లు వేటకెళ్లాయి.

“దేవేంద్రగారూ, ఆ మిషను స్విచ్ కాస్త ఆపుతారా?” అన్నాడు జగన్నాధం.

“దానికేముందండీ” అని దేవేంద్ర చెయ్యి చాచాడు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. శివాజీ ఒక్క దూకులో వచ్చి అతని మణికట్టు పట్టేశాడు. “బోట్లు బయటున్నాయి!”

“చూశారుగా” అన్నాడు జగన్నాధం. “ఈయనకి మీ పట్టింపు లెక్కలేదు. బోట్లు వేటలో ఉండగా రెండుసార్లు ఈ గదిలో ఒంటరిగా ఉన్నాడు. ఆపదలచుకుంటే అప్పుడే ఆపేవాడు. ఆపలేదు. సోమవారం ఈ గది తాళం పగల్లేదు, చెవితోనే తెరిచారు. అనిత రాజాంలో ఉంది. మరిడమ్మగారు ఒడ్డున ఉన్నారు. పైగా ఆ మధ్యాహ్నం ఊరంతా గంగులు బోటు ఇంకా సముద్రం మీదే ఉందనుకుంటోంది. ఆ పూట గుల్లపేట మనిషెవరూ ఈ స్విచ్ ముట్టుకోరు. బోటు ఒడ్డు చేరిందని తెలిసినవాడు తప్ప. ఆ సంగతి తెలిసింది ఒక్కడికే. అన్న క్షేమమని అందరికీ చెబితే జనం ఇళ్లకొచ్చేస్తారని, ఆ కబురు సాయంత్రం దాకా కడుపులో దాచుకున్నాడు.”

శివాజీ చెయ్యి దేవేంద్ర మణికట్టు మీదనుంచి జారిపోయింది.

“ఇంటర్నెట్‌లో సూసేను” అన్నాడు నేలవైపు చూస్తూ. “మిషను ఊరికే కూకుంది కదా, నాలుగు రూపాయలొస్తాయనుకున్నాను. ఇలాగవుతాదని తెలీదు.”

గంగులు లేచాడు. “నా సెయ్యి ఇరిగినందుకు కాదురా. ఆ పిల్లని అందరూ అంటంటే నోరు మూసుకుని సూసేవు. దానికిరా నా కోపం.”

దేవేంద్ర గొంతు సవరించుకున్నాడు. “ఏదైనా అనండి, ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్‌ని...”

“ఆపండి సార్!” అంది అనిత. “తాళం తీసింది ఇంట్లోవోడు. మీ సరుకున్నా ఆడు అదే సేసేవోడు. నా సిస్టంలో ఏముందో ఎవరైనా ఇప్పి సూసుకోవొచ్చు. మీ డబ్బాలో ఏముందో మీకే తెలీదు.” ఆమె ఆడవాళ్లవైపు తిరిగింది. “మీకూ సెప్తన్నాను. దొంగ ప్రోగ్రాం తీసేసేను. పాస్‌వర్డ్‌లన్నీ మార్సేను. నిన్న వచ్చిన అప్‌డేట్ ఎక్కించేను. అది పని సెయ్యాలంటే ఇప్పుడే ఆపి ఎలిగించాల. బోట్లొచ్చేదాకా ఆగమంటే తలుపు తెరిసి పడుకున్నట్టే. అలాగైతే నాకీ పని వొద్దు. నన్ను పొమ్మనక్కర్లేదు, నానే పోతాను.”

ధనలక్ష్మి నమ్మలేకపోయింది. నిన్నంతా ఈ పని కోసమే పోరాడిన పిల్ల, చేతికందిన పూట దాన్ని పణంగా పెట్టేసింది.

మరిడమ్మ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. తర్వాత లేచి, ముక్కుపుడక సర్దుకుని, మిషను ముందుకొచ్చింది.

“ఏ మీట నొక్కాల?”

“పెద్దమ్మా, నీ కొడుకు బయటున్నాడు. నాను నొక్కుతాను.”

“ఉన్నాడు కాబట్టే నాను నొక్కాల. నువ్వు నొక్కితే ఆడికేదైనా అయినప్పుడు మళ్లీ నిన్నే అంటాం. ఏ మీటో సెప్పు.”

అనిత చూపించింది. తెర నల్లబడింది. గదిలో ఎవరో నోట్లో కొంగు కుక్కుకున్నారు. మిషను మళ్లీ గుర్రుమని, తెరమీద అక్షరాలు పాకడం మొదలయ్యాక మరిడమ్మ ఆడవాళ్లవైపు తిరిగింది. మీట నొక్కిన చెయ్యి పైకెత్తి అందరికీ వినబడేలా అంది.

“ఇకమీదట ఎప్పుడు ఆపాలో ఈ పిల్ల సెప్తాది. అడ్డొచ్చినోళ్లు ముందు నాతో మాటాడండి.”