కుక్కపిల్ల దుప్పట్లు

మొదటిరోజే అబద్ధమాడాను. లాండ్రీ కౌంటర్ మీద దుప్పట్ల మూట పెట్టగానే అక్కడున్న అమ్మాయి ముక్కు ఎగబీల్చి నావైపు అనుమానంగా చూసింది.

"మా కుక్కపిల్లండీ... మంచం మీదే పోసేస్తోంది."

"అయ్యో పాపం. బాగా చిన్నదా?"

"బాగా."

నాకు ఇరవై తొమ్మిదేళ్లు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టార్ని. ఇంట్లో కుక్కపిల్లా లేదు, పిల్లిపిల్లా లేదు.

లాండ్రీ ఆ అమ్మాయి వాళ్ల నాన్నది. వచ్చిన ప్రతి మూటకీ పేరు రాసిన గుడ్డ చీటీ కుడతారు. చీటీ లేనివి వాళ్ల ఇంటి బట్టలు, వాటికో బుట్ట. నా మూటకి ఆ అమ్మాయి 'కుక్కపిల్ల' అని రాసి కుట్టింది.

అప్పట్నుంచీ వారం వారం సలహాలే.

"తిట్టకండి మాస్టారూ, అది కావాలని చేస్తుందా ఏమిటి? డాక్టర్‌కి చూపించారా?"

"చూపించాను. మందులిచ్చారు."

"పడుకునే ముందు నీళ్లు తగ్గించండి."

బుద్ధిగా తగ్గించాను. ఎనిమిది నెలలకి తడిసే దుప్పట్లూ తగ్గాయి. నేను వెళ్లడం మాత్రం తగ్గలేదు. శుభ్రమైనవే మూటకట్టి పట్టుకెళ్లేవాణ్ణి.

ఓ వానరోజు ఇస్త్రీ చేస్తూ, తలెత్తకుండా అంది. "ఆదివారం మీ ఇంటికొస్తాం, నాన్నా నేనూ. మీ కుక్కపిల్లని చూడాలి."

ఎందుకొస్తామంటోందో తెలియనంత మొద్దుని కాను. ఈ అమ్మాయి లేకుండా నాకు వారం గడవదు. అలాగని ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"కుక్కపిల్ల లేదండీ. అది నేనే. చిన్నప్పట్నుంచీ ఇంతే. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వెయ్యండి, ఆదివారం దాకా ఆగకండి."

ఆమె నవ్వలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఇన్ని నెలల్లో మీ దుప్పట్ల మీద ఒక్క కుక్క వెంట్రుకైనా కనబడిందా మాస్టారూ? మొదటివారమే తెలిసింది."

"మరి ఆ సలహాలు?"

"ఎవరికనుకున్నారు?"

"అడగొచ్చుగా!"

"మీరే చెప్పాలి. లేకపోతే పెళ్లయ్యాక కూడా అన్నీ కుక్కపిల్ల మీదకే తోసేస్తారు."



"తేలిందా మీ కుక్కపిల్ల గొడవ?" లోపల్నుంచి వాళ్ల నాన్న కేకేశారు. "ఆదివారం రావాలా, వద్దా?"

"రండి మామయ్యగారూ!" అనేశాను.

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. నా మూట మీది చీటీ కుట్లు విప్పి, చీటీని నా చేతిలో పెట్టింది. మూటని తీసుకెళ్లి ఇంటి బట్టల బుట్టలో పడేసింది.