గంట కొట్టేదాకా

కలిదిండి దాటాక రోడ్డు సన్నబడి, రెండు పక్కలా చేపల చెరువులే మిగులుతాయి. ఆ చెరువుల్లో ఒకదాని గట్టు మీద రేకుల షెడ్డు ఉండేది. షెడ్డు నిండా చేపల మేతకి తవుడు బస్తాలు, వేరుశెనగ చెక్క బస్తాలు, ఓ మూల నులక మంచం, దాని మీద ఒకప్పటి బాక్సింగ్ ఛాంపియను ఆనంద్ పాల్. రెండు వేల ఏడులో వానలు వెనకబట్టాక అతను అక్కడ కాపలాకి కుదిరాడు. చేపల్ని ఎవరూ కొట్టేయకుండా చూడ్డానికి మనుషుల్ని కొట్టడం తెలిసినవాణ్ణి పెట్టుకున్నారని ఊళ్ళో నవ్వుకునేవారు.

విశాఖపట్నం పోటీల దాకా అతను తాడేపల్లిగూడెం పులి. ఆ పోటీల్లో ఎడమ కణత మీద పడిన దెబ్బకి కూలిపోయి, లేచేసరికి ఆట ముగిసింది. మర్నాడు పేపరువాళ్ళు "ఆనంద్ పాల్ పని అయిపోయినట్టేనా?" అని చిన్న ముక్క వేసి చేతులు దులుపుకున్నారు. కంటి వెనక పొర చిరిగిందని డాక్టరు ఆపరేషను చేశాడు. "ఇంకో దెబ్బ తగిలితే ఈ కన్ను దక్కదు బాబూ" అని కూడా చెప్పాడు. అప్పట్నుంచీ ఎడమ పక్క అంచున నల్లగుడ్డ వేలాడదీసినట్టు ఓ చీకటి. దాన్ని చూద్దామని తల తిప్పితే అదీ తిరిగేది.

ఏలూరులో అతనికి ఆట నేర్పిన నిత్యానందం మాస్టారు మాత్రం ఆశ వదల్లేదు. దసరా వెళ్ళగానే రైల్వేలో స్పోర్ట్స్ కోటా సెలక్షన్లు. వయసు లెక్కన అవే ఆఖరివి. నెగ్గితే జీవితాంతం ఉద్యోగం. లేకపోతే జీవితాంతం ఈ నులక మంచమే.

"ఎదురుగా కనిపిస్తోంది కదరా, చాలు" అనేవారు మాస్టారు. "ఎడమ చెయ్యి దించకు. ఆ పక్క ఒక్క దెబ్బ కూడా రానివ్వకు."

ఆనంద్ పాల్ భార్య సుగుణ ప్రార్థనలో కూర్చుంటే ఉద్యోగం అడగాలో కన్ను అడగాలో తేల్చుకోలేక రెండూ కలిపి అడిగేది.

అతనికి ముందు ఆ షెడ్డులో కాపలా ఉన్న బుల్లిరాజు తాళం చేతికిస్తూ ఒకే మాట చెప్పాడు. "బస్తాలు నేల మీదే ఉంచుకోండి. దూలానికి వేలాడదీయకండి."

"నేల మీదైతే ఎలకలు కొట్టేస్తాయి కదండీ?"

"కొట్టేస్తే కొట్టేయనివ్వండి" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

చెరువులో అయితే మేత బస్తాలు వేలాడాల్సిందే. అడుగున చిల్లులు పెట్టి కర్రలకి కట్టి నీళ్ళలోకి దించితే, చేపలు మూతులతో పొడుచుకు తింటాయి. చీకటి పడితే గట్టు మీద ఆ చప్పుడే. టప్... టప్... దానికి తోడు తవుడు వాసన, బురద వాసన. ఆ చప్పుడు వినీ వినీ ఆనంద్ పాల్ చేతులు ఊరుకోలేదు. ఒక గోనెసంచి నిండా తవుడు కూరి, మూతి కుట్టి, దూలానికి వేలాడదీశాడు. బాక్సరన్నాక బస్తా లేకుండా ఎలా? బుల్లిరాజు మాట గుర్తుకొచ్చింది గానీ పట్టించుకోలేదు.

ఇంకో అలవాటు కూడా ఉంది అతనికి. కొట్టడం మొదలుపెట్టే ముందు రెండు గ్లౌజులూ బస్తాకి మెత్తగా తాకించేవాడు. రింగులో ఎదుటివాడి గ్లౌజులకి తాకించినట్టే. చిన్నప్పుడు మాస్టారు దీనికే చీవాట్లు పెట్టేవారు. "అది బస్తారా. తాకించావంటే ఆటకి ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక గంట కొట్టేదాకా ఆగకూడదు." అలవాటు పోలేదు.

మొదటి సాయంత్రం గ్లౌజులు తాకించగానే బస్తా కొంచెం వెనక్కి ఊగి, మళ్ళీ వచ్చి అతని గ్లౌజుల్ని తాకింది. మెత్తగా, రెండుసార్లు. గాలి అనుకున్నాడు.

ఆ రోజు కరెంటు లేదు. లాంతరు వెలుగులో కొడుతూ ఉండగా ఎడమ పక్కటెముకల మీద దెబ్బ పడింది. బస్తా ఎదురుగానే ఉంది, కదలకుండా. తల తిప్పాడు. చీకటీ తిరిగింది. ఎవరూ లేరు. చెరువులో మాత్రం చేపల చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు చెవి మీద. ఆ మర్నాడు భుజం మీద. ఎప్పుడూ ఎడమ పక్కే, కనపడని చోటే. కమిలిన మచ్చలు చూసి సుగుణ అడిగితే బస్తా తిరిగొచ్చి తగిలిందన్నాడు. లోలోపల కొంచెం సంతోషం కూడా ఉంది అతనికి. కనపడని దెబ్బని కాచుకోవడం వస్తే ఇక సెలక్షన్లలో ఎవడు ఆపుతాడు? భయాన్ని అలా సర్దిచెప్పుకున్నాడు పాపం.

శనివారం పొద్దుగూకుతుండగా సుగుణ క్యారియరు తెచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, రెండు కంచాలు తీసి మంచం మీద పెట్టింది.

"రెండోది ఎవరికి?" అన్నాడు.

"ఆయనకండీ. రోజూ మీతో ఆడతారు కదా, మాస్టారు పంపించారేమో అనుకున్నాను. గట్టు మీంచి వస్తుంటే కనిపిస్తారు."

ఆనంద్ పాల్ నీళ్ళ చెంబు కింద పెట్టేశాడు. "ఎక్కడ ఉంటాడు?"

"మీకు ఎడమ పక్కన" అంది సుగుణ. అతని మొహం చూశాక గొంతు తగ్గించి, "ఇప్పుడు లేరండీ... బస్తా వెనకాల ఉన్నారేమో" అంది.

కంచాలు అక్కడే వదిలేసి ఇద్దరూ గట్టెక్కారు. పది అడుగులు వేశారో లేదో, అతని ఎడమ డొక్కలో దెబ్బ పడింది. బోర్లా పడ్డాడు. పక్కనే ఉన్న సుగుణకి ఈసారి ఏమీ కనిపించలేదు, చప్పుడు మాత్రం వినిపించింది. వెనక్కి షెడ్డులోకి వచ్చాక దెబ్బలు కాసేపు ఆగాయి. రింగు దిగి పారిపోవడానికి వీల్లేదన్నమాట. కొడవలితో తాడు కోసి బస్తాని కింద పడేశాడు. అయినా ఇంకోటి పడింది. చివరికి, ఓడిపోయానని ఒప్పుకునేవాళ్ళు చేసినట్టు, భుజం మీది తువ్వాలు చీకట్లోకి విసిరాడు.

కాసేపటికి ఆ తువ్వాలు తిరిగొచ్చి అతని కాళ్ళ దగ్గర పడింది. నీళ్ళోడుతూ.

సుగుణ సెల్‌ఫోనులో మాస్టారికి చెప్పింది. అంతా విని ఆయన ముందు అడిగింది ఇదే.

"బస్తాకి గ్లౌజులు తాకించాడా?"

"తాకించారండీ."

"గంట ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదండీ. గంట ఎక్కడుందండీ ఇక్కడ?"

"వస్తున్నాను. వాడికి ఎడమ చెయ్యి దించొద్దని చెప్పమ్మా."

ఆయన ఆఖరి బస్సు పట్టుకుని వచ్చారు. అందాకా ఆనంద్ పాల్ షెడ్డు మధ్యలో ఎడమ చెయ్యి కణతకి ఆనించి నిలబడే ఉన్నాడు. దెబ్బలు చేతి మీద పడుతున్నాయి. ఒకటి... కాసేపాగి మరొకటి... తొందరేమీ లేనట్టు. కంటికి మాత్రం ఇంకా తగల్లేదు. సుగుణ పక్కనే కూర్చుని దేవుణ్ణి కన్ను ఒక్కటే అడుగుతోంది. ఉద్యోగం సంగతి వదిలేసింది.

మాస్టారు సంచిలోంచి ఇత్తడి చేతిగంట తీశారు. బస్సులో మోగకుండా దాని నాలుకకి గుడ్డ చుట్టి తెచ్చారు. గుడ్డ విప్పి, కళ్ళు మూసుకుని ఒక్కసారి ఊపారు.

టంగ్.

దెబ్బలు ఆగిపోయాయి.

చెరువులో చేపలు మళ్ళీ మేత పొడవడం మొదలుపెట్టాయి. టప్... టప్... ఆనంద్ పాల్ చెయ్యి దించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాస్టారు గంట నాలుకకి మళ్ళీ గుడ్డ చుట్టి సంచిలో పెట్టారు. తర్వాత, ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఒక బకెట్టు బోర్లించి ఆనంద్ పాల్‌ని మూలన కూర్చోబెట్టారు. మొహం తుడిచారు. పుక్కిలించమని నీళ్ళిచ్చారు.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోందండీ, ఎప్పటిలాగే." ఆ మాటకి ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆనంద్ పాల్ నీళ్ళు ఉమ్మి తలెత్తాడు. "మాస్టారూ, గంట కొడితే ఆట అయిపోయినట్టా? రౌండు అయిపోయినట్టా?"

మాస్టారి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఈ సంగతి ఆయనకి తట్టనే లేదు. జీవితమంతా అదే గంట కొట్టి ఆపినవాడు, అదే గంట కొట్టి మొదలుపెట్టినవాడు.

"ఏవండీ" అని గుసగుసగా పిలిచింది సుగుణ. "ఆ మూల బకెట్టులో పొద్దున మేత కలిపి పెట్టారు కదా?"

అందరూ అటు చూశారు. ఎదురు మూలన రెండో బకెట్టు బోర్లించి ఉంది. అందులోని తవుడంతా నేల మీద కుప్పగా పడి ఉంది. బకెట్టు అడుగు మీద తడి... ఎవరో కూర్చున్నంత మేర. అంచు నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే కారుతున్నాయి.

చేపల చప్పుడు ఆగింది.

"మాస్టారూ, ఎంతసేపు ఉంటుందండీ విరామం?" అంది సుగుణ.

ఆయన సంచి మూతిని రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. నిమిషమే అని ఆనంద్ పాల్‌కీ తెలుసు. లేచి నిలబడ్డాడు. లేవకుండా ఉందామనుకున్నా కాళ్ళు లేచాయి. ఎడమ చెయ్యి కణతకి ఆనించుకున్నాడు. ఇన్నాళ్ళుగా నేర్చుకున్నది అదొక్కటే.

సంచిలో, గుడ్డ చుట్టిన నాలుకతో, గంట మోగింది.

ఈసారి చీకటి కుడి పక్క నుంచి వచ్చింది.