కొండ దిగిన చుక్క

కొండ మీద మా కొలత స్తంభం ఉంటుంది. నడుమెత్తు కాంక్రీటు దిమ్మ, కింద రాతిలోకి దిగేసి ఉంటుంది. నెత్తిన బోర్లించిన గిన్నెలా యాంటెన్నా. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, తానెక్కడున్నదీ వెంట్రుకవాసి తేడా లేకుండా చెబుతుంది. భూకంపానికి నేల ఎంత జరిగిందో మాకు తెలిసేది దీనివల్లే.

మొన్నటి భూకంపానికి స్తంభం లోయవైపు జానెడు జరిగింది. ఇంకా జరుగుతోందా, ఆగిందా? పొద్దుగూకేలోగా తేల్చాలి. ఆగిందని మేం చెబితేనే కొండ కింది వీధివాళ్ళు గుడారాలు వదిలి ఇళ్ళకెళ్ళేది. ఆ వీధిలోనే మా అక్క ఇల్లు.

మధ్యాహ్నం నుంచి ఒకటే పొగమంచు. గురువుగారు షెడ్డులో స్క్రీను ముందు కూర్చున్నారు. నాకు పనంతా నేర్పిన మనిషి. భయపడటం మాత్రం నేర్పలేకపోయారు.

"యాంటెన్నా మీద చెయ్యి వేశావంటే ఊరుకోను అమ్మాయ్. కొలత మొత్తం పోతుంది."

"దాన్ని చూసుకున్నంత ముద్దుగా నన్ను చూసుకుంటే ఈపాటికి నాకు ప్రమోషనొచ్చేది."

ఆయన నవ్వలేదు. "ఇలా రా," అన్నారు మెల్లగా.

పటం మీద మా స్తంభాన్ని చూపించే ఎర్రచుక్క కొండ దిగుతోంది.

జారడం కాదు. జారేది తిన్నగా జారుతుంది. ఇది మెట్లదారి ఎటు తిరిగితే అటు తిరుగుతోంది. ఆగుతోంది... మళ్ళీ కదులుతోంది. అచ్చం మనిషి నడక.

బయటికి పరిగెత్తాను. తడి సిమెంటు వాసన. స్తంభం ఎక్కడిదక్కడే ఉంది. చెయ్యి ఆనించి చూశాను. చల్లగా, గట్టిగా ఉంది.

"ఇక్కడే ఉందండీ!"

"మరి... ఆ దిగుతున్నదెవరు?" షెడ్డులోంచి గుసగుస. "మిషను ఆపి మళ్ళీ పెట్టాను. అయినా అదే. వీధిలోకొచ్చింది... నీలం గేటు దగ్గర ఆగింది."

నీలం గేటు అక్కది.

ఇల్లు ఖాళీయే కదా అనుకుంటూనే ఫోను చేశాను.

"తిట్టకే," అంది అక్క. "బొమ్మ లేందే పడుకోనని గుడారంలో పాప ఒకటే ఏడుపు. బొమ్మ తీసుకుని వెళ్ళిపోతా."

"ఇంట్లో ఉన్నావా!"

"నీ వేషాలు నా దగ్గరా? తలుపు కొట్టి పిలుస్తున్నది నువ్వేగా!"

"అక్కా... నేను కొండ మీదున్నాను."

"మరి బయట నీ గొంతేనే..."

"తియ్యకు!"

ఏం చేయాలో తోచలేదు. తోచిందల్లా ఒక్కటే. అది మా యాంటెన్నా చూపుతో నడుస్తోంది. ఆకాశం కనపడకపోతే యాంటెన్నా గుడ్డిదే. ఫోను స్పీకరులో పెట్టి జేబులో పడేసుకుని, రెండు అరచేతులతో, ఒంటితో ఆ గిన్నెను మూసేశాను.

"కొలత పోయిందే!" గురువుగారు అరిచారు.

"పోనీండి! ఇవాళ ఎవరూ ఇళ్ళకెళ్ళరు, అంతేగా!"

"చుక్క... ఆగిపోయింది."

జేబులోంచి అక్క: "పిలుపు ఆగింది. గోడ తడుముతున్నట్టుంది... చుట్టూ..."

"పెరటి తలుపు తీసి పరిగెత్తు. ఫోను పెట్టెయ్యకు."

అరచేతుల కింద యాంటెన్నా వెచ్చబడింది. లోపల్నించి ఏదో పైకి నెట్టింది. మళ్ళీ నెట్టింది. భుజాలు లాగేస్తున్నాయి.

"తోసుకో తల్లీ," అన్నాను పళ్ళు బిగించి. "మా అక్కే నన్ను మంచం మీంచి తొయ్యలేకపోయింది. నువ్వెంత?"

ఫోనులో అడుగుల చప్పుడు, రొప్పు... చాలాసేపటికి జనం మాటలు.

"గుడారంలో ఉన్నానే. పాప నా ఒళ్ళోనే ఉంది."

అప్పుడు తీశాను చేతులు.

"చుక్క ఎక్కడండీ?"

షెడ్డుకి వినపడేలా మళ్ళీ అరిచాను.

"గురువుగారూ!"

"పైకొచ్చేసింది. స్తంభం మీద కాదు... నువ్వు నిలబడ్డ చోట ఉంది."

నేనో అడుగు పక్కకి వేశాను.

"అదీ వేసింది," అన్నారు గొణుగుతూ.

వెనక్కి తిరగలేదు. తిరిగి దానికా సరదా ఎందుకు తీర్చాలి?

"సరే, నాతోనే ఉండు," అన్నాను గట్టిగా. "అక్క ఇంటి దారి మాత్రం మర్చిపో. గురువుగారూ, ఎత్తెంత చూపిస్తోంది?"

"నీ భుజమంత... ఇప్పుడు... చెవి దాకా వచ్చింది."