తడిగుడ్డ అన్నయ్య

"బాగా దుమ్ము పట్టి ఉన్నాయండీ. అన్నీ శుభ్రంగా తుడిచేశాను," అన్నాడతను తడిగుడ్డ పిండుతూ. మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్న మొహం అది.

గుమ్మంలో నిలబడ్డ ఆర్ట్ టీచర్ బల్ల మీద వరసగా ఉన్న ముప్పై ఒక్క మట్టి వస్తువుల్నీ చూసింది. కింద బకెట్‌లో గులాబీ రంగుకి తిరిగిన నీళ్లని చూసింది.

"అన్నీ తుడిచేశారా?"

"ఒక్కటి వదల్లేదు. ఆ ఏనుగు తొండం లోపల కూడా అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి మరీ తుడిచాను."

"అది దుమ్ము కాదండీ."

"మరి?"

"గ్లేజు. కప్పులకీ గిన్నెలకీ మెరుపు వస్తుంది చూడండి, ఆ పూత. బట్టీలో కాలేదాకా పొడిలాగే ఉంటుంది. ఏడో తరగతి పిల్లలు మూడు రోజులు కూర్చుని పూశారు."

అతను గుడ్డ వంక చూశాడు. ఆ గుడ్డని ఎక్కడ దాచాలో తోచక జేబులో కుక్కుకున్నాడు. ప్యాంటు తడిసింది.

నిజానికి అతను వచ్చింది కొలతలు తీసుకోవడానికి. ఊళ్లో ఎగ్జిబిషన్ హాల్లో లైట్లు అమర్చే ఉద్యోగం అతనిది. శనివారం అక్కడ ఈ పిల్లల ప్రదర్శన ఉంది. ఏ వస్తువు ఎంత ఎత్తుందో చూసుకుంటే స్టాండ్లు చేయించవచ్చని సోమవారం పొద్దున్నే బడికొచ్చాడు. టీచర్ క్లాసులో ఉంది. ఖాళీగా కూర్చోవడం అతని ఒంటికి పడదు. ఆ గుణమే కొంప ముంచింది.

"పోయినేడాది మా పిల్లల బొమ్మల్ని చెప్పుల స్టాండు పక్కన పెట్టారు," అంది టీచర్. "ఈసారి పెద్ద గది ఇమ్మని ఆరు నెలలు తిరిగాను. శనివారం ఖాళీ బల్లలు చూపించమంటారా?"

"ఇప్పుడేం చేస్తే బాగుపడుతుంది?"

"మీరు ఇంటికి వెళ్తే బాగుపడుతుంది."

"వెళ్తాను. రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. జేబులోంచి నీళ్లు కారుతున్నాయి. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుని, "ఎనిమిదింటికి," అంది. "ముప్పై ఒక్కమందికీ విడివిడిగా సారీ చెప్పాలి. ఒప్పుకుంటేనే రండి."

మంగళవారం అతను సెలవు పెట్టి వచ్చేసరికి తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. 'తడిగుడ్డతో లోపలికి రాకూడదు.' కింద ముప్పై ఒక్క సంతకాలు.

"తుడిచిన అంకుల్ మీరేనా?" అంది గుమ్మంలోనే ఒక పిల్ల. క్లాసంతా ఆమెని ప్రశ్నల పిల్ల అంటారు.

"నేనే. సారీ. కానీ అంకులేంటి? నాకింకా ఇరవై తొమ్మిదే."

"అయితే తడిగుడ్డ అన్నయ్యా, నా ఏనుగు తొండంలో కూడా ఎందుకు తుడిచారు?"

"పని మీద శ్రద్ధ ఎక్కువమ్మా."

"అంత శ్రద్ధ ఉంటే ఒక్కసారి అడగొచ్చు కదా?"

మిగతా ముప్పైమంది కూడా అతన్ని తేలిగ్గా వదల్లేదు. సారీలు పూర్తయ్యేసరికి పది దాటింది.

అప్పుడు మొదలైంది పని. గ్లేజు బకెట్లు కలపడం, వస్తువుని పట్టకారుతో పట్టుకుని ముంచడం, మూడు లెక్కపెట్టి తీయడం. టీచర్ అతనికి ఒక స్పాంజి ఇచ్చింది.

"అడుగుభాగానికి మాత్రం గ్లేజు ఉండకూడదు. ఉంటే బట్టీలో పలకకి అతుక్కుపోతుంది. తుడవడం మీకు ఎలాగూ వచ్చు కదా!"

"అడుగు ఒక్కటే కదండీ?"

"అడుగు ఒక్కటే. పైకి జారారో, హాల్లో మీ లైట్లన్నీ తుడిచేస్తాను."

పిల్లలు పకపకా నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ రోజంతా అతనికి చాలా వింతలు తెలిశాయి. బకెట్‌లో గులాబీగా ఉన్నది కాలాక నీలమవుతుంది. సున్నంలా తెల్లగా ఉన్నది కాలాక అద్దమవుతుంది, దాని కింద గీసిందంతా పైకి కనిపిస్తుంది. అన్నిటికంటే వింత, టీచర్ ఒక గిన్నెని ఒక కన్ను మూసి చూసి, "నువ్వు బాగున్నావే," అని దానితో అనడం.

ఆమె కనుబొమ మీద చిటికెడు మట్టి అంటుకుని ఉంది. చెబితే తుడిచేసుకుంటుందని చెప్పలేదు. దాని వంకే చూస్తూ ఒక గిన్నె పక్కభాగం తుడిచేసి, ఎవరూ చూడకముందే మళ్లీ ముంచాడు.

సాయంత్రం ఒక వంకర కప్పు మిగిలింది.

"అది నేను చేసిందే. ఎవరికీ అక్కర్లేదు. మీరు పూసుకోండి," అందామె.

అతను కప్పుని మూలకి తీసుకెళ్లాడు. సన్న కుంచెతో, కప్పు లోపల అడుగున, నీలం రంగుతో నాలుగు మాటలు రాశాడు. చెవులు వేడెక్కాయి. వెంటనే తెల్ల గ్లేజులో ముంచేశాడు. రాత మాయమైంది. టీచర్ ఆ కప్పు అందుకుని బట్టీ పై అరలో ముందువరసలో, ఏనుగు పక్కన పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం స్టాండ్ల కొలతల వంకతో మళ్లీ వచ్చాడు. బట్టీ ఎనిమిది వందల డిగ్రీలు దాటింది. ఆమె సంతోషంగా ఉంది.

"మీకొక మాట చెప్పాలి. పోయినేడాది ఒకాయన మట్టిపని నేర్చుకుంటానని వచ్చాడు. మూడోరోజు మట్టి పక్కన పడేసి పెళ్లి మాట ఎత్తాడు. దణ్ణం పెట్టి పంపించేశాను. మీరు అలా కాదు. తప్పు చేశారు, దిద్దుకోవడానికి వచ్చారు, అంతే. అందుకే మిమ్మల్ని నమ్మాలనిపిస్తోంది."

అతను కప్పులో రాసింది గుర్తొచ్చి బట్టీ వంక చూశాడు.

"బట్టీ ఒక్కసారి తెరవొచ్చా?"

"ఎందుకు?"

"నా కప్పు అడుగు సరిగ్గా తుడవలేదేమోనని."

"శుక్రవారం పొద్దున్నదాకా ముట్టుకోకూడదు. ముందే తెరిస్తే చల్లగాలి తగిలి అన్నీ పగుళ్లిస్తాయి."

గురువారం సాయంత్రం బయట వాన దంచుతోంది. టీచర్‌ని మీటింగ్‌కి పిలిచారు. వెళ్తూ వెళ్తూ ఆమె బట్టీ తాళంచెవి అతని చేతిలో పెట్టింది, ఒక కాగితం కూడా ఇచ్చింది.

"అరగంటకోసారి ఎన్ని డిగ్రీలుందో రాయండి. మీరుంటే నాకు నిశ్చింత."

రెండు వందల నలభై. తాళంచెవి అరచేతిలో ఉంది. గోడకి మందపాటి గ్లౌజులు వేలాడుతున్నాయి. కప్పు పై అరలోనే ఉంది. తలుపు తీసి దాన్ని లాగేయడానికి పట్టేది అర నిమిషం. ఎవరికీ తెలియదు. రేపటి పరువూ దక్కుతుంది, ఆమె నమ్మకమూ దక్కుతుంది.

కానీ కప్పు పక్కన ఏనుగుంది. దానికి రెండోసారి అన్యాయం చేస్తే ప్రశ్నల పిల్లకి ఏమని చెప్పాలి? అతనికి ఏడుపొచ్చినంత పనైంది. గ్లౌజుల దాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు. చివరికి పెన్ను తీసుకుని కూర్చున్నాడు.

గంట తర్వాత టీచర్ వానలో తడుస్తూ వచ్చి కాగితం చూసింది.

"ఇదేంటి, రెండు నిమిషాలకోసారి రాశారు?"

"చేతులకి పనుండాలి కదండీ," అన్నాడు తల దించుకుని.

శుక్రవారం పొద్దున బట్టీ తెరిచారు. పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు. గులాబీ రంగువన్నీ నీలమయ్యాయి. ఏనుగు తొండం చివరిదాకా మెరుస్తోంది. అతను మాత్రం తలుపుకి దగ్గరగా, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు.

"టీచర్, ఈ కప్పులో ఏదో రాసుంది!" ప్రశ్నల పిల్ల గొంతు ఖంగుమంది. "శనివారం తర్వాత కూడా రావచ్చా. టీచర్, ఎవరు రావచ్చా? ఎందుకు రావచ్చా?"

ముప్పై ఒక్క తలకాయలు ముందు అతని వైపు, తర్వాత టీచర్ వైపు తిరిగాయి. టీచర్ మొహం ఎర్రబడింది. కప్పు తీసుకుని అల్మారాలో పెట్టి తలుపు మూసింది.

"ముందు అన్నీ కాగితాల్లో చుట్టండి. వ్యానొచ్చింది," అంది. అతనితో మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు.

తనని కూడా ఆ పోయినేడాది ఆయన జాబితాలో చేర్చేసిందని అతనికి ఖాయమైపోయింది. అయినా సాయంత్రమంతా నిచ్చెన మీదే ఉండి, ముప్పై ఒక్క స్టాండ్లకీ విడివిడిగా లైటు అమర్చాడు. ఏనుగు తొండం లోపలికి ప్రత్యేకంగా ఒకటి తిప్పాడు.

శనివారం హాలు కిటకిటలాడింది. పెద్ద గది మధ్యలో పిల్లలు తమ వస్తువుల పక్కన నిలబడి వచ్చినవాళ్లకి గొప్పలు చెబుతున్నారు. చెప్పుల స్టాండు పక్కన ఈసారి చెప్పులే ఉన్నాయి. అతను స్విచ్చుల బోర్డు దగ్గర దాక్కున్నాడు.

"ఇలా రండి," అని వినిపించింది. టీచర్ ఎదురుగా ఉంది. పక్కనే ఒక పెద్దావిడ. ఆవిడా అలాగే ఒక కన్ను మూసి అతన్ని చూస్తోంది. తల్లి అని వేరే చెప్పక్కర్లేదు.

టీచర్ సంచిలోంచి వంకర కప్పు తీసి అతని చేతిలో పెట్టింది. తర్వాత ఒక తడిగుడ్డ ఇచ్చింది.

"అంతమందిలో చదివేసరికి ఇబ్బంది పడ్డారుగా. కావాలంటే తుడిచేయండి."

"తుడవమంటారా?"

"ఊఁ, తుడవండి."

మనసొప్పక తుడిచాడు. మళ్లీ తుడిచాడు. నీలం అక్షరాలు ఇంకా మెరిశాయి.

"పోవడం లేదండీ."

"పోదు. కాలాక ఇంకెప్పటికీ పోదు. రాసేముందే ఆలోచించుకోవాల్సింది." ఆమె నవ్వింది, కళ్లు చెమర్చాయి. సంచిలోంచి ఒక కాగితం తీసింది. నిండా రెండు నిమిషాలకోసారి రాసిన అంకెలు. "నిన్న కప్పు చూశాకే ఇది అర్థమైంది. తాళంచెవి చేతిలో ఉండి కూడా మీరు తలుపు తీయలేదు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అమ్మకి చూపించాను."

"అయితే... రావచ్చా?"

"శనివారం తర్వాత వచ్చేది ఆదివారం. బడి ఉండదు. ఇంటికి రండి."

అతను తడిగుడ్డని అలవాటుగా జేబులో కుక్కుకున్నాడు. పెద్దావిడ అది చూసి కళ్లజోడు సర్దుకుంది.

"బాబూ, మా ఇంట్లో కిటికీలకి మాత్రం నిజంగానే దుమ్ము పట్టింది. రేపొచ్చేటప్పుడు ఆ గుడ్డ తెచ్చుకో."

"అలాగే అత్తయ్యగారూ," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ ఆ పిలుపుని దిద్దలేదు.