ఊరికే రాసిన నలభై బోర్డులు

బోర్డులు రాసే పెయింటరుకూ, ఎన్నికల ఖర్చులు తనిఖీ చేసే ఆడిటరుకూ పరిచయం గొడవతోనే మొదలైంది.

పెయింటరు మేనమామ కౌన్సిలర్‌గా గెలిచాడు. ముప్పై రోజుల్లో ఖర్చుల వివరాలు ఆమోదం పొందకపోతే ఆ పదవి ఊడుతుంది. మేనమామకు కాగితాలంటే పడదు గనుక ఆ పని మేనల్లుడి నెత్తిన పడింది. ఆడిటరమ్మ ఫైలు తిరగేసి ప్రచారం ఫొటో ఒకటి పైకి తీసింది.

“ఇందులో నలభై బోర్డులున్నాయి. లెక్కలో ఒక్కటీ లేదు. ఎవరు రాశారు?”

“నేనేనండీ. మామయ్య దగ్గర డబ్బులు తీసుకుంటానా?”

“తీసుకోకపోతే అది విరాళం. విలువ కట్టి, మీ పేరు దాతల జాబితాలో రాయండి.”

మామయ్యకు చేసిన పనికి ఖరీదేమిటని అతనికి ఒళ్లు మండింది. ఆ కోపంతోనే బోర్డుకు పది రూపాయల చొప్పున వేసి మర్నాడు తెచ్చాడు. ఇంత చవగ్గా రాసేవాళ్లుంటే మా ఆఫీసు బోర్డు కూడా రాయించుకుంటామని ఆమె కాగితం వెనక్కి నెట్టింది. తలుపు మీది బోర్డు నిజంగానే పెచ్చులూడి ఉంది. అతనికి నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది గానీ, ఫైలు అడ్డం పెట్టుకుంది.

తర్వాత మరో నాలుగుసార్లు వచ్చాడు. రెండుసార్లు పనుండి, రెండుసార్లు లేకుండా. వానలో తడిసి వచ్చిన రోజున, ఫైలు తడవలేదు కదా అని మాత్రం అడిగింది. అతను టీ తెప్పిస్తానంటే, అభ్యర్థి తరపువాళ్ల దగ్గర మంచినీళ్లు కూడా ముట్టకూడదంది. అయినా అతను మనసు పారేసుకున్నాడు.

ఇరవై ఎనిమిదో రోజున ఫైలు వేరే ఆడిటరు బల్ల మీద కనిపించింది. ఆవిడే వదిలేసుకుందని ఆ బట్టతల పెద్దాయన చెప్పాడు. తన మొహం చూడలేకే అనుకుని అతను చిన్నబోయాడు. మామయ్య పదవి ఏమవుతుందోనని భయమూ వేసింది. లెక్కలు సరిపోయాయని, ఆమోదించేశానని, ఈ ఫైళ్లు ఎవరైనా చూడొచ్చని అంటూ పెద్దాయన దాన్ని ముందుకు జరిపాడు.

చివరి కాగితం మీద ఆమె చేతిరాత ఉంది. అభ్యర్థి మనుషులతో సంబంధం ఉంటే ఆడిటరు వెల్లడించాల్సిన ఫారం అది. ‘అభ్యర్థి మేనల్లుడంటే నాకు ఇష్టం. కనుక ఈ ఫైలు నేను చూడకూడదు.’

అతను తిన్నగా పక్క గదిలోకి వెళ్లాడు.

“అందరికంటే ముందు నాకు చెప్పొచ్చుగా?”

“మీకు చెప్పి, మీ ఫైలు నేనే పాస్ చేస్తే నేరమవుతుంది.”

ఆమె కలం మూత పెట్టింది.

“ఇప్పుడా ఫైలు నాది కాదు. టీ తెప్పించండి.”