గీత పడని అద్దం

జెనీవాలో ఒక ముసలి వాచీ మేకర్ ఛాతీలో బుల్లెట్‌తో కుప్పకూలాడు. ప్రాణం పోయేముందు మన ఎంబసీకి ఫోన్‌లో చెప్పగలిగింది ఇంతే: "ట్రిగ్గర్ చేతి వాచీలో ఉంది. పైన సఫైర్ అద్దం. రాయచూరు, థర్మల్ ప్లాంట్."

హైదరాబాద్ ఆఫీసులో చీఫ్ యలమందయ్య టేబుల్ మీద మూడు వాచీలు పెట్టాడు.

"ఇది పాతకాలం స్విస్ సరుకు. అద్దం అక్రిలిక్, అంటే ప్లాస్టిక్కే. గీతలు పడితే పాలిష్‌తో పోతాయి. రెండోది మినరల్ గ్లాస్. గీత పడిందా, అద్దం మార్చడమే. మూడోది సఫైర్. ఇప్పుడు ఖరీదైన వాచీలకి ఇదే వేస్తున్నారు. దీన్ని గీయాలంటే వజ్రం కావాలి. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, ఊదిన ఆవిరి ఇట్టే పోతుంది."

"ప్లాన్ ఏంటి సార్?" అడిగాడు ఎదురుగా ఉన్న ఏజెంట్.

"కొత్త యూనిట్ ప్రారంభం రోజు సైరన్ మోగగానే ముఠా వాళ్ళు వాచీ పక్కనున్న కీ నొక్కి బాంబు పేలుస్తారు. కంట్రోల్ రూమ్, లోపలున్న జనం అంతా బూడిదే. నొక్కే చెయ్యి ఎవరిదో కనిపెట్టు. లోపల మన ఇన్‌ఫార్మర్ ఉంది, కాత్యాయని. నీకు రిపోర్టులిస్తుంది, ఆమెని నమ్మొచ్చు."

ఆ ఏజెంట్ కేశవులు. పేరు వింటే పిస్తోలు గుర్తు రాదు కదా? డిపార్ట్‌మెంట్‌కి నచ్చింది అదే! ప్లాంట్ కాలనీ గేటు పక్కన వాచీ రిపేరు కొట్టు తెరిచాడు. కంటికి పెట్టుకునే భూతద్దంలో బుల్లి కెమెరా, డ్రాయర్లో పిస్తోలు.

గిరాకీకి లోటు లేదు. చిమ్నీ నుంచి రాలే బూడిద ఆ కాలనీలో అన్నం కంచాన్నీ వదలదు. డ్యూటీ దిగగానే బొటనవేలితో వాచీ మీద బూడిద తుడుచుకోవడం అక్కడ అందరికీ అలవాటు. అందులోని సన్నటి ఇసుక అద్దాన్ని గీకేస్తుంది. ఇంజనీరు దగ్గర్నుంచి బొగ్గు వ్యాగన్ల హమాలీ దాకా అందరూ కొట్టుకి రావలసిందే. కేశవులు ప్రతి అద్దాన్నీ చూశాడు. అన్నిటికీ గీతలే. సఫైర్ జాడ లేదు.

ఏడాది గడిచింది. పగలు పర్లేదు. సాయంత్రమైతేనే చచ్చే చావు. కొట్టు వెనక గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఎవరివో బాగైన గడియారాలు. మాట్లాడే దిక్కు లేక ఒక్కోసారి రేడియోలో వార్తలు చదివే ఆవిడకి జవాబు చెప్పేవాడు. నవ్వకండి, ఒంటరితనం ఎంత పనైనా చేయిస్తుంది.

కాత్యాయని వచ్చే వేళ మాత్రం వేరు. నల్ల కళ్ళజోడు, సిల్కు చీర, స్కూటర్. ప్లాంట్‌లో టెలిఫోన్ ఆపరేటర్. చేతిలో మండక్కి బొరుగులు, మిర్చి బజ్జీల పొట్లం.

"ఏంది ఉస్తాద్, ఇయ్యాల గూడ పస్తేనా? తిను, సల్లారితె బాగుండది."

ఆమె స్కూటర్ చప్పుడు కోసం అతను చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. అది ప్రేమో కాదో అతనికే తెలీదు. ఆమె రాని రోజు అన్నం సయించేది కాదు, అంతే.

ప్రారంభం రోజు రానే వచ్చింది. ఉదయం చీఫ్ ఫోన్.

"అలారం గడియారం బాగైందా?" అది కోడ్.

"లేదు సార్. ఈ కాలనీలో గీత పడని వాచీ లేదు."

"ఇవాళ సైరన్ మోగితే మనిద్దరి ఉద్యోగాలూ, వాళ్ళందరి ప్రాణాలూ గోవిందా!"

ఫోన్ పెట్టేసేసరికి ఎదురుగా కాత్యాయని. కళ్ళజోడు లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉస్తాద్, నువ్వు ఊర్లకి పో. సినిమా చూడు. ఇయ్యాల ఈడ ఉండకు."

"ఎందుకు మేడమ్?"

"చెప్తే ఇనవా ఏంది?" అంటూ అలవాటుగా బొటనవేలితో వాచీ మీద బూడిద తుడిచింది.

అద్దం తళతళలాడింది. ఒక్క గీత లేదు.

ఏడాదిగా ఎదురుగా ఉన్న వాచీ! ఊరందరి మణికట్లూ చూశాడు గానీ, ఈమెది మాత్రం ముఖమే చూశాడు. మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుని అద్దం మీద గాలి ఊదాడు. ఆవిరి పట్టీ పట్టకముందే మాయమైంది. చెంపకి ఆనించుకున్నాడు. మంచుగడ్డలా చల్లగా ఉంది.

సఫైర్.

"తెలిసిపోయిందా?" అంది కాత్యాయని. "మీ జీతం తీస్కున్న, వాళ్ళదీ తీస్కున్న. బాంబు కంట్రోల్ రూమ్ కింద కేబుల్ కాలువల ఉంది."

సైరన్ కూత మొదలైంది. ఆమె రెండో చెయ్యి కీ మీదికి వెళ్ళింది. పిస్తోలు అందుకునే టైం లేదు. కేశవులు బల్ల మీది ట్వీజర్స్ లాక్కుని కీ కింద దూర్చి మెలితిప్పాడు. కీ ఊడి నేల మీద పడింది.

సైరన్ ఆగింది. ప్లాంట్‌లోంచి చప్పట్లు వినిపించాయి. ఏమీ పేలలేదు.

ఆమె పారిపోలేదు. స్టూలు మీద కూలబడింది.

"ఒక్కటి చెప్పండి," అన్నాడు కేశవులు. "రోజూ వచ్చింది రిపోర్టు కోసమేనా?"

"రిపోర్టు వారానికొకటే ఉస్తాద్. తక్కిన దినాలు నాకెవ్వరు లేక వచ్చిన."

జీపు వచ్చి ఆమెని తీసుకెళ్ళింది. కేబుల్ కాలువలోంచి బాంబు బయటికొచ్చింది. సాయంత్రం చీఫ్ ఫోన్లో పొంగిపోయాడు.

"శభాష్! ఇంకో ఏడాది అక్కడే ఉండు, ముఠాలో మిగిలినవాళ్ళు వస్తారు. ఏం కావాలో అడుగు. ప్రమోషనా? పతకమా?"

కేశవులు రోడ్డు వైపు చూశాడు. ఏ స్కూటరూ రావడం లేదు.

"వాళ్ళు త్వరగా ఇంకొకర్ని పంపిస్తే బాగుండు సార్," అన్నాడు. "సాయంత్రాలు ఖాళీగా ఉండేవాళ్ళనైతే మరీ మంచిది."